పిల్ల ఇంట్లో నేదు

నెల్లిమర్ల దాటాక రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో బరువులెత్తడం నేర్పుతారు. బోర్డు మీద అకాడమీ అని రాసుకున్నారు. నేను అక్కడ కొంతకాలం పాఠాలు చెప్పాను. ఏం పాఠాలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు చిర్రెత్తుకొస్తుంది. ఆటనే బతుకుతెరువుగా పెట్టుకున్న పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలకి పెద్దరికం నేర్పాలట. ఎవరి మంచిచెడ్డలకి వాళ్ళే పూచీ పడడం నేర్పాలట. పై నుంచి సాయం చేసే పుణ్యాత్ములెవరో ఇలాంటి క్లాసు ఒకటి ఉండి తీరాలని షరతు పెట్టారు కాబట్టి కోచ్ గారు నన్ను పెట్టుకున్నారు. పెళ్ళన్నాక భజంత్రీలు ఉండాలి కదా, అలాగ.

మాది విజయనగరం. మా ఇంట్లో వయొలిన్ వాయించనిది నేనొక్కదాన్నే. మా నాన్న దగ్గరికొచ్చే పిల్లలు చాప మీద వరసగా కూర్చుని, ఆయన కనుబొమ్మ ఎటు కదిలితే అటు వాయించేవారు. "ఇక్కడ ఎందుకు ఆపాలి నాన్నా?" అని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. వయొలిన్ కమాను ఇచ్చిన చేత్తోనే వెనక్కి తీసుకున్నారు. ప్రశ్నలు అడిగే నోరు సంగీతానికి పనికిరాదని ఆయన లెక్క. అందుకని నేను ఇంగ్లీషు నేర్చుకుని, దాన్నే పదిమందికీ నేర్పుకుని బతుకుతున్నాను. కోపం మాత్రం మా నాన్నదే వచ్చింది.

కోచ్ గారిది గరివిడి దగ్గర పల్లె. కుర్రతనంలో ఆయనా ఎత్తాడు, నడుము పాడు చేసుకున్నాడు. చెడ్డవాడంటే నేను ఒప్పుకోను. పిల్లలకి గుడ్లు ఉడకబెట్టేది ఆయనే. జ్వరం వస్తే స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆయనే. పెద్దమనుషుల గుమ్మాల ముందు చేతులు కట్టుకుని నిలబడి షెడ్డుకి రేకులు అడుక్కొచ్చిందీ ఆయనే. ఆ మంచితనం చూస్తేనే నాకు మంట. పిల్లల్ని తెచ్చి అప్పగించే తల్లిదండ్రులతో ఆయన ఒకే మాట చెప్పేవాడు. "ఎత్తడం దాని పని. మిగతాదంతా నాను సూసుకుంటాను."

మిగతాదంటే నిజంగానే మిగతాదంతా. ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరితో మాట్లాడాలో, జుట్టు ఎంత ఉండాలో అన్నీ ఆయనే చెప్పేవాడు. ఫోన్లు ఆయన గదిలో ఇనప బీరువాలో ఉండేవి. ఆదివారం మధ్యాహ్నం ఇచ్చి, పొద్దుగూకకుండానే మళ్ళీ పుచ్చుకునేవాడు. తల్లిదండ్రులు ఆయన్ని దేవుడనేవారు. నిజమే, ఇంటి దగ్గర పెళ్ళికెదిగిన కూతురి ఫోను లాక్కోవాలంటే ఎంత గొడవ? అది ఇంకొకరు చేసిపెడుతుంటే దేవుడు కాక ఏమవుతాడు?

నా మొదటి క్లాసులో పిల్లల్ని ఒక మాట అడిగాను. నిన్న మీ అంతట మీరు తేల్చుకున్న విషయం ఒకటి చెప్పమన్నాను. బార్ ఎత్తమంటే నిమిషంలో ఎత్తే పిల్లలు ఈ మాటకి చెమటలు పట్టి కూర్చున్నారు. చివరికి వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. భుజాలు చూస్తే నాకు రెండు రెట్లు.

"మజ్జిగ వొద్దన్నాను మేడమ్" అంది.

"బాగుంది. తర్వాత?"

"తర్వాత సార్ తాగమన్నారు. తాగీసినాను."

అందరూ నవ్వారు, ఆ పిల్లా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ కథంతా ఆ పిల్లదే. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. తండ్రి చేపల వేటకి వెళ్తాడు. తల్లి ఒడ్డునే వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని ఊళ్ళ మీదికి తిరిగి అమ్ముతుంది. చిన్నప్పటి నుంచీ తల్లికి గంప ఎత్తుతూ ఎత్తుతూ భుజాలు అలా తయారయ్యాయని తనే చెప్పింది. బళ్ళో వ్యాయామం మాస్టారు చూసి ఈ షెడ్డుకి పంపించాడు. రాష్ట్రంలో గెలిచింది, తర్వాత జాతీయ పోటీల్లో పతకం తెచ్చింది. రైల్వేలో ఆటగాళ్ళకిచ్చే ఉద్యోగం ఇంచుమించు ఖాయమైంది. ఆ ఉద్యోగం వస్తే తల్లి గంప దించుతుందని ఇంట్లో అనుకున్నారు. ఆ పిల్ల కూడా ఎత్తిన ప్రతి బరువూ అందుకే ఎత్తేది.

ఒకరోజు సాయంత్రం సాధన చూస్తూ కూర్చున్నాను. కోచ్ గారే వచ్చి బార్‌కి రెండు పక్కలా ప్లేట్లు వేశాడు. ఆ పిల్ల చేతులకి తెల్లపొడి పూసుకుని, బార్‌కి దణ్ణం పెట్టి, ఎత్తి, నిలబెట్టి, కింద పడేసింది. నేల అదిరింది. "ఎంత ఎత్తావే?" అని అడిగాను. "తెల్దు మేడమ్. సార్‌కి తెలుసు" అంది. పరాచికమనుకున్నాను. కాదు. పోటీల్లో కూడా అంతేనట. ఎంత వేశారో తెలిస్తే పిల్లలు జడుస్తారని, బార్ మీద బరువెంతో ఎత్తేవాళ్ళకి చెప్పరు. వీపు మీద ఒకటి చరిచి వేదిక మీదికి తోస్తారు. ఆటకి అది మంచిదే కావచ్చు, నాకు తెలియదు. నాకు మాత్రం ఆ పూట ఒళ్ళు మండింది.

జాతీయ పతకం వచ్చాక ఆమెకి ఒక కొత్త బాధ్యత వచ్చి పడింది. నిషేధించిన మందులు వాడుతున్నారేమో చూడడానికి పరీక్షల వాళ్ళు చెప్పాపెట్టకుండా వస్తారు. మూత్రం పట్టి తీసుకెళ్తారు. దానికోసం ప్రతిరోజూ ఒక గంటసేపు తను ఎక్కడుంటుందో ఆటగత్తె ముందుగానే ఫోనులో రాసి పెట్టాలి. రాసిన చోట ఆ గంటలో దొరక్కపోతే ఒక తప్పు. ఏడాది తిరక్కుండా మూడు తప్పులు పడితే, మందు ముట్టినా ముట్టకపోయినా ఆట నుంచి గెంటేస్తారు. ఎవరు రాసిపెట్టినా, ఎవరు మరిచిపోయినా, పూచీ ఆటగత్తెదే. ఈ నియమం నాకు నచ్చింది కూడా. నా క్లాసుకి తగిన పాఠం దొరికిందనుకున్నాను.

రేపు పొద్దున ఎక్కడుంటావని పాఠం మొదలుపెట్టగానే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "మా ఇంట్లోన అలగడగరు మేడమ్. ఏటకెల్తన్నప్పుడు ఎక్కడికని అడిగితే మా అయ్య వలట్టుకుని ఎనక్కొచ్చెత్తాడు" అంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగడం మా ఇళ్ళలోనూ తప్పే. సరే, అడిగితే తప్పు గానీ నువ్వే చెబితే తప్పు లేదు కదా అని సర్ది, ఫోనులో ఎలా రాయాలో నేర్పాను. నాలుగు రోజులు చక్కగా రాసింది. ఐదో రోజు కోచ్ గారు, "మేడమ్‌గారూ, దాని బుర్ర మీద ఇయన్నీ ఎట్టకండి. బుర్ర బరువెక్కితే బార్ లెగదు. అది నాను రాస్తాను" అని ఫోను మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

మొదటి తప్పు వానాకాలంలో పడింది. గాలికి షెడ్డు రేకులు లేచిపోతే పిల్లలందరినీ వారం పాటు గరివిడిలో ఒక హాలుకి మార్చాడు. మార్చినట్టు రాయలేదు. పరీక్షల వాళ్ళు వచ్చి తాళం చూసుకుని వెళ్ళిపోయారు. రెండో తప్పు అంతకంటే సొగసుగా పడింది. సాలూరులో లారీల యజమానులెవరో ఈ పిల్లకి సన్మానం చేస్తామన్నారు. తెల్లవారక ముందే జీపులో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఆమె అక్కడ మెడలో దండలతో నిలబడి ఉండగా ఇక్కడ పరీక్షల వాళ్ళు షెడ్డు ముందు నిలబడ్డారు. సన్మానంలో కప్పిన శాలువా కోచ్ గారి గదిలో కుర్చీ మీద చాలాకాలం వేలాడింది.

రెండుసార్లూ ఇంగ్లీషులో హెచ్చరిక వచ్చింది. జవాబు రాసిపెట్టమని కోచ్ గారు నాకే ఇచ్చాడు. "దానికి సెప్పకండి. కంగారు పడతాది" అన్నాడు. నేను చెప్పాను. షెడ్డు వెనక కూర్చోబెట్టి, ఇంకొక్కటి పడితే ఉద్యోగం పోతుందే, ఆట పోతుందే, తెలుస్తోందా అని భుజం పట్టి కుదిపాను. ఆమె నాకేసి జాలిగా చూసింది. నేనే అనవసరంగా గాభరా పడుతున్నానని ఆమె ఉద్దేశం.

"సార్ సూసుకుంటారు మేడమ్" అంది.

వేసవిలో వాళ్ళ ఊళ్ళో అమ్మవారి పండగ వచ్చింది. పండక్కి నాలుగు రోజులు ఇంటికి పంపించాడు. ఈసారి నేను పక్కన నిలబడి మరీ రాయించాను. తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా ఇంటి దగ్గర ఉంటానని రాసింది. ఫోను ఇచ్చి పంపండి, అవసరమైతే వాళ్ళు ఫోన్ చేస్తారేమో అని కోచ్ గారితో పోట్లాడాను. "పండగలోన ఫోనిస్తే ఈడియోలెట్టుకుని తిరగతాది. పిల్లల సంగతి మీకు తెల్దు" అన్నాడు. ఫోను బీరువాలోనే ఉండిపోయింది. బస్సు దగ్గర ఆ పిల్లకి మళ్ళీ చెప్పాను. ఆ గంటా గుమ్మంలోనే కూర్చోమన్నాను, ఇంటికెళ్ళగానే మీ అమ్మకి సంగతంతా చెప్పమన్నాను. "అలగే మేడమ్" అంది.

చెప్పలేదు. నేను చెప్పేశానని తెలిసి, హెచ్చరికల సంగతి ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని కోచ్ గారు ఆమెతో ఒట్టు వేయించుకున్నాడట. పైగా పండగ పూట అమ్మని కంగారు పెట్టడమెందుకని తనూ అనుకుంది. ఆ పిల్లకి తెలిస్తే కంగారు పడుతుందని పెద్దలు దాచారు, అమ్మకి తెలిస్తే కంగారు పడుతుందని పిల్ల దాచింది. మన ఇళ్ళలో ప్రేమంటే ఇదే.

ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో తర్వాత ఆ వీధిలో ఒక్కొక్కరూ చెప్పగా నాకు తెలిసింది. తండ్రి వేటలో ఉన్నాడు. తల్లి గంప పట్టుకుని ఒడ్డుకి బయల్దేరబోతోంది. ఇంటి ముందు కారు ఆగింది. ప్యాంటు చొక్కా వేసుకున్న మగమనిషి ఒకడు, చేతిలో పెద్ద సంచీతో ఆడమనిషి ఒకామె దిగారు. మగమనిషి పట్నం తెలుగులో పిల్ల పేరు, ఇంటిపేరుతో సహా చెప్పి, ఉందా అని అడిగాడు.

"ఎవలు మీరు? ఏటి పని?"

"అది ఆమెకే చెప్పాలండి. ఒకసారి పిలవండి."

పెళ్ళికెదిగిన పిల్ల. మగాడు ఇంట లేని వేళ. వెలుతురు కూడా రాకుండా ముక్కూమొహం తెలియని మగవాడొకడు గుమ్మంలోకొచ్చి, పని నీకు చెప్పను, నీ కూతురికే చెబుతానంటున్నాడు. ఆ తల్లి స్థానంలో ఏ తల్లి ఉన్నా ఏం చెబుతుందో అదే చెప్పింది.

"పిల్ల ఇంట్లో నేదు. అమ్మమ్మోరింటికెల్లింది."

వాళ్ళు వెళ్ళలేదు. గంటంతా అక్కడే ఉండాలన్నది వాళ్ళ నియమం. కారుకి ఆనుకుని నిలబడ్డారు. కదలకపోయేసరికి తల్లికి అనుమానం ఇంకా బలపడింది. గంప దింపి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. ఆ వీధిలో ఒకరు లేదన్నారంటే వీధంతా లేదనాల్సిందే. ఎందుకన్నారో తర్వాత తీరిగ్గా తెలుసుకుంటారు. పోలీసులు వచ్చినా, తగువులకి వచ్చినా వాళ్ళకి తెలిసిన అడ్డుకట్ట అదే. ఒక ముసలామె అయితే, "నిన్న సందేల నానే బస్సెక్కించినాను బాబూ, కిటికీ కాడ కూకున్నాది" అని కూడా చెప్పిందట. సంచీ పట్టుకున్నామె టైము చూసుకుని ఏదో రాసుకుంది. ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ సేపంతా విజయనగరం అవతల ఇనప బీరువాలో ఒక ఫోను మోగిందో లేదో నాకు తెలియదు. పిల్ల మాత్రం లోపలి గదిలో చాప మీద పడుకుని ఉంది.

మూడో తప్పు పడిందని ఉత్తరం రాగానే కోచ్ గారు నా మీద పడ్డాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత నేను ఆ రోజు కళ్ళారా చూశాను. "అదేటి సిన్నపిల్లా మేడమ్? పందొమ్మిదేల్లొచ్చినాయి. సంతకం దానిది. దాని పూచీ అది పడాలా వద్దా? మీరేటి నేర్పినట్టు మరి?" అన్నాడు. నిన్నటిదాకా ఆ పిల్లకి మజ్జిగ తాగాలో వద్దో తేల్చుకునే వయసు రాలేదు. రాత్రికి రాత్రి పెద్దదైపోయింది. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏం తిట్టానో రాస్తే అచ్చు వేయరు. ఆయన తల వంచుకుని విని, కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడేటి సేద్దామో సెప్పండి" అన్నాడు.

దిల్లీ వాళ్ళు విచారణకి తేదీ వేశారు. విశాఖపట్నంలో ఒక లాయరు దొరికాడు. ఈలోగా తల్లి ఊరి నుంచి కబురు పెట్టింది. అసలు ఆ రోజు ఏ కారూ రాలేదని చెప్పడానికి వీధంతా సిద్ధంగా ఉందట. బస్సెక్కించిన ముసలామె దిల్లీకైనా వస్తానందట. లాయరు తల పట్టుకున్నాడు. ఆయన చెప్పింది తేలికైన మాట. పిల్ల ఇంట్లో లేదని తల్లి చెప్పిన మాట నిజం. పిల్లకి తెలియకుండా తల్లి అలా అంటే పిల్ల నిర్లక్ష్యం లేనట్టే. పిల్ల నిద్రపోతోంది, ఎవరూ లేపలేదు. అంతే చెప్పాలి, ఒక్క ముక్క ఎక్కువ చెప్పకూడదు. అలా అయితే మూడోది కొట్టేయడానికి వీలుంది.

"అంతేగా? నిద్రపోయావు కదే?" అని కోచ్ గారు అడిగాడు.

"ఆఁ సార్" అంది.

విచారణ కంప్యూటర్ తెర మీద జరిగింది. లాయరు వాదన ముందే రాసి పంపేశాడు, తెర మీదికి రాలేదు. షెడ్డు పక్కన ఆఫీసు గదిలో నేనూ ఆ పిల్లా తెర ముందు కూర్చున్నాం. ఆమె తెలుగులో చెప్పింది నేను ఇంగ్లీషులో చెప్పాలి. కోచ్ గారు తెరకి కనబడకుండా తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. అవతల ముగ్గురు పెద్దలు. మర్యాదస్తులే. మొదట ఊరూ పేరూ అడిగారు. తర్వాత, ఆ గంటలో నువ్వు ఎక్కడున్నావమ్మా అని అడిగారు.

"ఇంట్లోనే ఉన్నాను."

"ఏం చేస్తున్నావు?"

నేను ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను. ఆ పిల్ల తలుపు వైపు చూసింది. తర్వాత తన అరచేతులు చూసుకుంది. బార్ ఒరుసుకుని కాయలు కాసిన చేతులవి. నిద్రపోతున్నానని చెప్పవే అని నా మనసు గొణిగింది. అది అబద్ధమని అప్పటికి నాకు తెలియదు.

"మేలుకునే ఉన్నాను" అంది. "కారొచ్చిన సప్పుడినే లేసినాను. పరీచ్చలోలొచ్చినారని తెలుసు."

తలుపు దగ్గర స్టూలు కిర్రుమంది. నేను ఆ పిల్ల మొహంలోకి చూశాను. ఒక్క మాట మార్చి చెప్పినా అవతలి వాళ్ళకి తెలిసేది కాదు. ఆ గదిలో ఆ నిమిషాన రెండు భాషలూ తెలిసినది నేనొక్కదాన్నే. కానీ ఆ పిల్ల నావైపు చూడడం లేదు, నేరుగా తెరకేసి చూస్తోంది. ఆమె నా సాయం అడగలేదు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను.

మరి బయటికి ఎందుకు రాలేదని అడిగారు.

"మా అమ్మ నలుగురిలోన ఒక మాట సెప్పింది. నానొస్తే మా అమ్మ మాట పోతాది" అంది.

దాన్ని ఇంగ్లీషులోకి ఎలా తేవాలో నాకు చేతకాలేదు. తల్లిని అవమానించడం ఇష్టం లేక అని ఏదో చెప్పాను. ముగ్గురిలో ఒకాయన, నీకు దీని పర్యవసానం తెలుసా అని అడిగాడు. తెలుసంది. మేడమ్ చెప్పారంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రెండేళ్ళు ఆట నుంచి నిషేధించారు. తీర్పులో ఒకచోట ఆమె నిజాయితీని మెచ్చుకుంటున్నామని రాశారు. ఆ వాక్యం నేను ఆమెకి తెలుగులో చదివి వినిపించాల్సి వచ్చింది. ఇంతవరకూ నేను చేసిన పనులన్నిటిలో సిగ్గుమాలిన పని అదేననిపిస్తుంది. రైల్వే ఉద్యోగం పోయింది. షెడ్డు ముందున్న ఫ్లెక్సీలో ఆమె బొమ్మ ఉన్న మేర కత్తిరించి, పక్కనున్నవాళ్ళని దగ్గరికి జరిపి మళ్ళీ కట్టారు. గరివిడి హాలుకీ, సాలూరు శాలువాకీ మాత్రం ఎవరూ ఏ శిక్షా వేయలేదు. వాటి పూచీ కూడా ఆ పిల్లదే కదా.

ఆ పిల్ల ఊరికి పోవడానికి పెట్టె సర్దుకుంటుంటే అడిగాను. ఎందుకలా చెప్పావే, పడుకున్నానంటే పోయేది కదే అన్నాను.

"ఏటో మేడమ్" అంది. "అన్నీ ఆలే సెప్తన్నారు. అదొక్కటి నాను సెప్పాలనిపించింది."

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. ఇన్నాళ్ళూ ఎవరికీ అక్కర్లేని, తన మాట తనే చెప్పుకునే గుణాన్ని, అది వచ్చిన మొదటి రోజే పట్టుకుని నరికేసిన వాళ్ళందరి మీదా వచ్చింది. నియమం రాసినవాళ్ళ మీద వచ్చింది, పెంచినవాళ్ళ మీద వచ్చింది. ఒక పిల్లని పుట్టిన దగ్గర్నుంచీ నోరు మూసుకోవే అని పెంచి, నోరు ఎందుకు తెరవలేదని ఒక గంటకి రెండేళ్ళు శిక్ష వేసే లోకం మీద వచ్చింది. ఆ నెలాఖరుకే నేను ఆ ఉద్యోగం మానేశాను. నా స్థానంలో ఇంకెవరినో పెట్టుకున్నారని విన్నాను.

కొన్నాళ్ళకి ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా ఇంట్లో చేప తినరని తెలిసి తేగల కట్ట తెచ్చింది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. గోడకి చేరబడి కింద కూర్చుంది. పిల్ల గుమ్మం దగ్గరే నిలబడింది. తల్లితో పాటు తనూ గంప మొయ్యడం మొదలుపెట్టిందని తల మీద గంప కింది చుట్టకుదురు ఒత్తుకున్న గుర్తు చూస్తే తెలుస్తోంది.

"అమ్మా, మీకు ఇంగిలీసొచ్చు. ఆలకి ఒక మాట రాయండి" అంది తల్లి. "నేదన్నది నాను. అబద్దమాడింది నాను. ఆ రెండేల్లూ నాకెయ్యమనండి. జైల్లో ఎట్టినా ఉంటాను. నిద్దరోతన్న పిల్లకి శిచ్చేటమ్మా?"

అలా కుదరదమ్మా, ఎవరు చెప్పినా పూచీ పిల్లదే అవుతుందని నసిగాను. ఆమె వినిపించుకోలేదు.

"దానికేటి తెల్సు? తొంగున్నాది. లేపితే కదా తెల్సేది. నాను లేపలేదు" అని ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పిల్ల విచారణలో చెప్పిన సంగతి ఇంట్లో చెప్పలేదు. తల్లికి ఎవరూ చెప్పలేదు. నేను గుమ్మం వైపు చూశాను. చెప్పొద్దని సైగ చేసినట్టే ఉన్నాను. పిల్ల నన్ను పట్టించుకోకుండా లోపలికి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"తొంగోలేదమ్మా" అంది. "మేలుకునే ఉన్నాను. అన్నీ ఇన్నాను."

తల్లి ఏడుపు ఆగిపోయింది. కొంగు నోటి దగ్గరే ఉండిపోయింది. కూతుర్ని కిందనుంచి మీదదాకా కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"మేలుకునున్నావా? మరి రాలేదేటే?"

"నువ్వు నేదన్నావు కదా."

తల్లి లేచింది. కొడుతుందేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. కొట్టలేదు. ఆ పెద్ద భుజాలు రెండూ పట్టుకుని, బలమంతా పెట్టి ఊపింది. ఆ పిల్ల కదలకుండా నిలబడింది.

"నాను నేదంటే నువ్వు నేకుండా పోతావేటే?" అని అరిచింది. "నాను నేదంటే నేకుండా పోతావేటే నువ్వు?"